ఉస్తాద్ పై వరుస

మొన్న షాపు పక్క షట్టర్‌లోకి మారుస్తుంటే, మా ఆవిడ అటక మీద నుంచి మూడు గోనెసంచుల నోళ్ళు దించింది. నోళ్ళంటే నిజం నోళ్ళు కాదు, ప్లాస్టర్ అచ్చులు. నేను కట్టుడు పండ్లు చేసేవాణ్ణి. డాక్టరు పీకుతాడు, నేను పెడతాను. పీకినవాడి పేరు బోర్డు మీద ఉంటుంది, పెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఇరవై ఏళ్ళుగా మా ఊరి ముసలివాళ్ళు నా ముందు నోరు తెరుస్తూనే ఉన్నారు. వాళ్ళు తెరిచిన ప్రతి నోటికీ ఒక అచ్చు మిగిలింది.

"ఊరి నోళ్ళన్ని నీ దగ్గర్నే వెట్టుకున్నవ్. నీ నోట్లెకెల్లి మాత్రం మాటొకటి రాదు. పారెయ్యాల్నా వద్దా?" అంది.

"పారెయ్."

రెండు సంచులు మున్సిపాలిటీ ట్రాక్టరెక్కాయి. మూడోదాంట్లో చెయ్యి పెట్టి కెలుకుతుంటే ఒక అచ్చు వేలికి తగిలింది. చూడకముందే తెలిసిపోయింది ఎవరిదో. పై వరుసలో ముందు రెండు పండ్లు కాస్త బయటికి వాలి ఉన్నాయి. వాటి అంచు, మోకు ఒరిసి ఒరిసి బాయిగడ్డ రాయి అరిగినట్టు, ఒక పక్కకు అరిగి ఉంది. మా ఊళ్ళో అలాంటి పండ్లు ఒక్కరికే ఉండేవి.

ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవారు. అసలు పేరు నాకూ తెలుసు. కానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా వినలేదు. నేను పిలిస్తే పలుకుతాడన్న నమ్మకమూ లేదు. బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదేవాడు. దేవరకొండ రోడ్డు మీద, పాత పత్తి మిల్లు దాటాక ఉండే కల్లు కాంపౌండులో ఆయన్ను నేను మొదట చూశాను. నాలుగు రేకుల షెడ్లు, సిమెంటు గద్దెలు, గేటు పక్కన ఉడికించిన శనగ గుడాలమ్మే బాలమ్మ. మధ్యాహ్నం మూడింటికి కల్లు లొట్లు దిగేవి. మూడుంబావుకు ఉస్తాద్ వచ్చేవాడు, ఒక చేతిలో నల్ల పెట్టె, ఇంకో చేతిలో స్టీలు గిలాసలో చాయ్.

అవును, చాయ్. ముప్పై ఏళ్ళు కల్లు కాంపౌండులో కూర్చుని కల్లు చుక్క ముట్టని మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. కాంపౌండు నడిపే గౌడన్న మొదట్లో దీన్ని అవమానంగా తీసుకున్నాడట.

"మా కల్లు గంత పాపం చేసిందా ఉస్తాద్?"

"నీ కల్లు మంచిదే గౌడ్‌సాబ్. ఊదేటోడు తాగొద్దు, తాగేటోడు ఊదొద్దు. ఇద్దరు ఒక్కటైతే పాట పండుకుంటది."

మరి తాగనివాడు అక్కడికి రావడమెందుకు? ఇల్లు ఒక్క గది. పక్కింట్లో పరీక్షలకు చదివేవాళ్ళు, ఎదురింట్లో నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళు. పాట వద్దనని జాగా ఊళ్ళో అదొక్కటే. ముప్పై ఏళ్ళ కచేరీకి కారణం కళాపోషణ అని చెప్పాలని నాకూ ఉంది. కానీ కారణం కిరాయి ఇల్లు.

ఊదే ముందు ఆయనకొక వరుస ఉండేది. మెడలోని రుమాలుతో క్లారినెట్‌కు నోట్లో పెట్టే కొసను తుడిచేవాడు. బొటనవేలితో, ఆ కొస ఆనే తన పై ముందుపండ్లు రెండూ నొక్కి చూసుకునేవాడు, గోడకు కొట్టిన మొల గట్టిగా ఉందో లేదో చూసినట్టు. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఒక్క మనిషిని చూసేవాడు. ఆ పూట ఆ పాట ఆ మనిషికే. అందరికీ కలిపి ఊదమంటే ఒప్పుకునేవాడు కాదు. "అందరి పాట ఎవ్వనిది గాదు" అనేవాడు. గౌడన్నకు ఒక పాట, బాలమ్మకు ఒక పాట, లారీ డ్రైవర్లకు తలా ఒకటి. పాట వినబడితే చాలు, గేటు బయట సైకిలు దిగకుండానే లోపల ఎవరున్నారో చెప్పొచ్చు.

ఎక్కువగా వినబడేది యాదగిరి పాట. యాదగిరి గొర్లకాపరి. మా దిక్కు పాత బోర్ల ఫ్లోరైడు నీళ్ళు పండ్లకు పసుపు పూసి, ఎముకలకు సిమెంటు పోసేవి. యాదగిరికి రెండూ అయ్యాయి. మెడ తిరగదు, వాలదు. పక్కనవాణ్ణి చూడాలంటే కట్టెతో సహా మొత్తం మనిషి తిరగాలి. అందుకని ఉస్తాద్ ఎప్పుడూ అతనికి సరిగ్గా ఎదురు గద్దె మీదే కూర్చునేవాడు. ఆ గద్దె మీదకు ఎండ కొట్టేది. నీడకు జరగమంటే "ఎండల రాగం మంచిగ కాగుతది" అనేవాడు. యాదగిరి పెళ్ళి ఊరేగింపులో మేళం ఉస్తాద్‌దే. ఆ రోజు ఊదిన పాటే యాదగిరి పాట. అది మొదలు కాగానే యాదగిరి కళ్ళు మాత్రం తిరిగేవి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు. మెడ చేయలేని పని కళ్ళతో చేసేవాడు.

నాకు పాట లేదు. ఒకరోజు అడిగాను.

"నాకేం ఊదుతవ్ ఉస్తాద్?"

"ఇన్నేండ్లల్ల నువ్వొక్క పాటన్న అడిగినవా పండ్ల డాక్టర్?"

"నాకు పాటలు తెల్వయి."

"గందుకే నీకు లేదు. దొరకవట్టాలె. ఏంది, జల్ది సస్తవా?"

"ఇప్పట్ల అయితే ఫికర్ లేదు."

"అయితే నాగ్గూడ లేదు. జర ఆగు."

చావు మాట ఎందుకొచ్చిందంటే, ఆ కాంపౌండులో పాటకూ చావుకూ ఒక లెక్క ఉండేది. శవాన్ని మోసుకుపోతూ సగం దారిలో పాడె దించి, చచ్చినవాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం అందరికీ తెలిసిందే. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందేమోనని. దాన్ని దింపుడు కల్లం అంటారు. గౌడన్న తండ్రి తాడిచెట్టు మీద నుంచి పడి చనిపోయినప్పుడు ఆ పాడెను కాంపౌండు గేటు దగ్గర దించారట. కొడుకులు మూడుసార్లు పిలిచారు. మేళంతో వచ్చిన ఉస్తాద్, ఎవరూ చెప్పకుండానే మోకాళ్ళ మీద కూర్చుని, క్లారినెట్‌ను చెవి దగ్గర పెట్టి ముసలాయన పాట మొదటి చరణం మూడుసార్లు ఊదాడు. గౌడన్న ఒక లొట్టి కల్లు తండ్రి పేరున నేల మీద సాక పోశాడు. అప్పటి నుంచి కాంపౌండులో కూర్చున్న ఎవరు పోయినా పాడె ఆ గేటు దగ్గరే దిగేది. పేరు పిలవడం మానేశారు. ఉస్తాద్ పాట ఊదేవాడు. దింపుడు కల్లం కాస్తా దింపుడు కల్లు అయిందని నేనే ఒక మాట అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా మాటలకు అది అలవాటే.

"ఎవడన్న లేస్తే ఏం జేస్తవ్ ఉస్తాద్?" అని బాలమ్మ అడిగితే, "అందరికన్న ముందుగాల ఉరికేది నేనే చెల్లె" అనేవాడు.

తెలంగాణ వచ్చిన రోజు ఆయన మేళం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరంతా తిరిగి వాయించింది. పెదవులు పగిలి రక్తం వచ్చింది. ఆ మరకను రుమాలు మీద చూపించి మురిసిపోయాడు. మరుసటి ఏడాది అదే జెండా దగ్గరికి డీజే డబ్బాలు వచ్చాయి. పెళ్ళిళ్ళకు డీజే, నిమజ్జనానికి డీజే. మేళంలో డ్రమ్ములవాడు ఆటో కొనుక్కున్నాడు, ట్రంపెట్ వాడు హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. ఉస్తాద్‌కు మిగిలింది మధ్యాహ్నం కాంపౌండు, అప్పుడప్పుడూ గేటు దగ్గర దిగే పాడె. "బతికినోళ్ళు డబ్బాలకు పోయిండ్రు. సచ్చినోళ్ళే నాకు దిక్కు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

ఒక చలికాలం పొద్దున నా షాపుకు వచ్చాడు. కుర్చీలో కూర్చుని, బొటనవేలితో ముందుపండ్లు నొక్కి చూపించాడు. రెండూ ఊగుతున్నాయి.

"మొల వదులైంది డాక్టర్. కొస పెడితే కదులుతున్నయ్. సుర్ జారుతాంది."

నేను డాక్టర్ను కానని ఎన్నోసారో చెప్పి, అసలు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చూసి, ఆ రెండూ తీసేయాలి, పై వరుసలో మిగిలిన ఎనిమిది ఇంకో అయిదారేళ్ళు ఆగుతాయి అన్నాడు. ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది. కానీ నా వృత్తే నోరు తెరిపించడం. మా పనిలో ఒక మాట ఉంది: రెండు పెడితే ఊగుతాయి, వరుస పెడితే కూర్చుంటాయి. బయటికి వచ్చాక ఉస్తాద్‌కు అదే చెప్పాను. ఎలాగూ పోయే పండ్లు, ఇప్పుడే అన్నీ తీయించుకుంటే పై వరుస మొత్తం గట్టిగా కూర్చునేట్టు చేస్తానన్నాను.

"ఊదొచ్చునా?"

"బేఫికర్‌గ ఊదొచ్చు. పాతయి ఊగినై, కొత్తయి ఊగయి."

"పాడె కాడ ఊదుతనని యాదగిరికి మాటిచ్చిన. ఆని పానం మంచిగ లేదు. ఆని పని గాకముందే నా పని గావాలె."

"రెండు నెలల్ల తయ్యార్."

పీకే ముందు అచ్చు తీశాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది అదే. డాక్టరు రెండు అన్నాడు. ఎనిమిది నా నోటి వెంట వచ్చాయి. తిండి వరకు నేను చెప్పింది నిజం. ఊదడం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు.

సెట్టు అందంగా వచ్చింది. గొప్ప చెప్పుకోవడం కాదు, నా చేతిలో అంత మంచి పని మళ్ళీ కాలేదు. పెట్టుకుని అద్దంలో చూసుకుని, "కొత్త అల్లుణ్ణయిన డాక్టర్" అన్నాడు. ఆ మధ్యాహ్నం కాంపౌండులో అందరూ చూస్తుండగా కొస నోట్లో పెట్టాడు. ముందుపండ్ల మీద బరువు పడగానే వెనక అంగిట్లో సెట్టు లేచింది. అంగిటికీ సెట్టుకూ మధ్య గాలి దూరిందంటే ఇక అది గడియ లేని తలుపే. 'కీ'మని ఒక కేక, తర్వాత ఉత్త గాలి. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అంతే. అంటించే పొడి తెచ్చి ఇచ్చాను. వెనక అంచు రెండుసార్లు పెంచాను. కొత్త సెట్టు కదా, పది రోజులు ఆగు అన్నాను. ఇరవై అన్నాను. నెల అన్నాను. నా మాటలు ఆయన నోట్లో ఆగలేదు, ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు.

"మంచిగనే ఉన్నయ్ లే. బొక్కలు గూడ నములుతున్న."

యాదగిరే అన్నాడు, ఎదురు గద్దె మీద నుంచి. "ఉస్తాద్, నా చెవు తయ్యారున్నది. నీ నోరే తయ్యారు లేదు."

"జర ఆగు యాదగిరీ."

"ఆగుతనే ఉన్న. గొర్లనైతే ఆపుత. దీన్నెట్ల ఆపాలె?" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఉస్తాద్ చల్లారిన చాయ్‌లోకి చూస్తూ కూర్చున్నాడు.

యాదగిరి ఆగలేదు. వానలు మొదలైన నెలలో పోయాడు.

పాడె గేటు దగ్గర దిగింది. డప్పు ఆగింది. కొయ్యలా బిగుసుకున్న మెడ చచ్చాక కూడా వాలలేదు. పాడె మీద ఒళ్ళంతా పడుకుని ఉంది, తల మాత్రం జానెడు ఎత్తున లేచి ఉంది, వినడానికి లేచినట్టు. ఉస్తాద్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రుమాలుతో కొస తుడిచాడు. బొటనవేలు అలవాటుగా పండ్ల దాకా పోయి, నొక్కకుండానే వెనక్కి వచ్చింది. ఎడమ కన్ను మూసి ఊదాడు.

'కీ'మంది. సెట్టు ఊడి, క్లారినెట్ కొయ్యకు టక్కున కొట్టుకుంది. గుంపు వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నోర్మూయ్ రా బాడ్కావ్!" అంది బాలమ్మ, చూడకుండానే.

ఉస్తాద్ సెట్టు తీసి, తల ఎత్తకుండా, పక్కనున్న నా చేతిలో పెట్టాడు. "పట్టుకో డాక్టర్." వెచ్చగా, తడిగా ఉంది. బోసి పై చిగురు మీదకు పెదవి మడిచి మళ్ళీ ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆగలేదు ఆయన. మొదటి చరణం మొత్తం వేళ్ళతో వాయించాడు. రంధ్రాల మీద మూతలు పడుతున్న టిక్కు టిక్కు చప్పుడు మాత్రం వినబడింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి. గౌడన్న సాక పోశాడు. పాడె లేచింది.

సెట్టు అడిగి తీసుకుని, రుమాలుతో తుడిచి నోట్లో పెట్టుకున్నాడు.

"విన్నడంటవా?"

"విన్నడు ఉస్తాద్."

"నీకేం తెల్సు? నీకు పాటలే తెల్వయ్."

ఆ తర్వాత కాంపౌండుకు రావడం మానేశాడు. గౌడన్న ఒక బ్లూటూత్ డబ్బా కొన్నాడు. అది అందరికీ ఒకే పాట పెడుతుంది. బజార్లో కనబడితే ఉస్తాద్ "మంచిగనే ఉన్నయ్" అని పండ్లు చూపించి పోయేవాడు. ఒకసారి మాత్రం షాపుకు వచ్చి, పీకకముందు తీసిన అచ్చు ఉందా అని అడిగాడు. అటక మీద వెతికి ఇచ్చాను. కిటికీ వెలుతురులో దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అరిగిన ఆ అంచు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రాశాడు. పాత పండ్ల మీద బెంగ అనుకున్నాను. చాయ్ తెప్పిస్తే తాగకుండా, అచ్చు బల్ల మీద పెట్టి పోయాడు.

రెండేళ్ళకు ఛాతీలో నీరు చేరి దవాఖానలో పోయాడు. ఆ పొద్దున గౌడన్న నన్ను పక్కకు పిలిచాడు.

"గేటుకాడ ఆపుతరా?"

"వాళ్ళల్ల జనాజాను మధ్యల దించరన్నా."

"సాక?"

"కల్లు పోయొద్దు."

"మేళం?"

"ఉండదు."

"మరి ఇంతమందికి ఊదినోడు ఉత్తగనే పోవాల్నా?" అన్నాడు.

జనాజాకు నేనూ భుజం పట్టాను. గేటు దగ్గరికి రాగానే నాకు తెలియకుండానే నా అడుగు ఆగింది. వెనకాయన మెల్లగా "చలో భాయ్, చలో" అన్నాడు. నడిచాను. గేటు లోపల డబ్బా బందయి ఉంది. అందరూ లేచి నిలబడి ఉన్నారు. గౌడన్న చేతిలో స్టీలు గిలాస ఉంది. మేము దాటిపోయాక వెనక్కి తిరిగి చూశాను. వంగి, ఆ గిలాసలోని చాయ్‌ను గేటు ముందు మట్టిలో పోస్తున్నాడు.

నలభై రోజులయ్యాక ఉస్తాద్ బిడ్డ షాపుకు వచ్చింది. కుట్టుమిషను మీద ఇల్లు నడిపే మనిషి. రుమాలు మూట విప్పి సెట్టు బల్ల మీద పెట్టింది.

"స్నానం చేపిచ్చేటప్పుడు తీసిండ్రన్నా. ఇంట్ల వెట్టుకుంటే యాదికొస్తాంది. పారేద్దామంటే మనసొస్తలేదు."

చేతిలోకి తీసుకున్నాను. నేను చేసిన సెట్టు నాకు తెలియదా? ముందు రెండు పండ్లూ నేను చేసినట్టు లేవు. అంచులు ఒక పక్కకు అరిగి ఉన్నాయి. వాడకంతో అరిగినవి కావు, ఆకురాయితో రాకినవి. పాత అచ్చు మీద ఎంత వాలు ఉందో అంతే వాలు.

"ఇదేందమ్మా?"

"మా అబ్బానే రాకిండు. దినాం మధ్యాన్నం తలుపేసుకొని జర రాకేటోడు, పెట్టుకొని చూసేటోడు, మల్ల రాకేటోడు. రెండేండ్లు. మీకు చెప్పొద్దన్నడు. పండ్ల డాక్టర్ మనసు చిన్నవోతది అన్నడు."

నేను సెట్టు కింద పెట్టాను.

"ఊదేందుకు వచ్చిందా?"

"యాడికెల్లన్నా. గాలే. అయిన ఇడువలే. ఇప్పుడెవ్వరి కోసం అబ్బా, మానెయ్యరాదు అంటే, 'పండ్ల డాక్టర్‌కు పాట దొరికింది, ఆనికి మాటిచ్చిన' అనేటోడు."

చివరికి నేనే అడిగాను, జీవితంలో మొదటిసారి.

"ఏం పాటమ్మా అది?"

"సప్పుడొస్తే గద అన్నా తెల్సేది. ఏళ్ళు మాత్రం ఆడుతుండె."

ఎట్లా అన్నాను. ఆమె రెండు చేతులూ క్లారినెట్ పట్టుకున్నట్టు ఎత్తింది. ఎడమచేతి వేలొకటి లేపింది, దించింది. కుడిచేతివి రెండు లేపింది. ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి నుంచి లేపింది.

"గిట్ల... గాదు, గిట్ల..." అని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "యాదికి లేదన్నా."